లోపల చూసినారా?

పోయిన శనివారం వారం కూలీ పంచే వేళకు మా మిల్లులో పత్తి ఏరే పిల్ల ఒకతి నా టేబుల్ దగ్గరికొచ్చి నిలబడింది. 31 ఏళ్లు. ఇద్దరు పిల్లలు. ఇరవై వేలు అడ్వాన్సు కావాలంది. దేనికమ్మా అంటే కాసేపు గోడ మీది క్యాలెండర్ చూసి, గొంతు తగ్గించి, "గర్భసంచి తీపిచ్చుకుంటున్నా మేడం" అంది.

"పరీక్షలో ఏం తేలింది?"

"తెల్లబట్ట పోతాంది. నడుము నొప్పి. స్కానింగ్ తీసినారు. సంచికి పుండు పడిందంట. ఇట్లే వదిలేస్తే క్యాన్సర్ అయితాదంట."

"లోపల చూసినారా?"

"స్కానింగ్ తీసినారు కదా మేడం."

"స్కానింగ్ కాదమ్మా. పండుకోబెట్టి, లైటు పెట్టి, లోపల కంటితో చూసినారా?"

లేదంది. సోమవారం దాకా ఆగు, ఆ తర్వాత అడ్వాన్సు సంగతి చూద్దాం అని పంపించాను. పాపం, డబ్బులివ్వడం ఇష్టం లేక సాకు చెప్తున్నానని అనుకునే ఉంటుంది.

నేను ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లులో లెక్కలు రాస్తాను. పద్దెనిమిదేళ్లుగా పత్తి క్వింటాళ్లు, గింజల తూకం, బేళ్ల నంబర్లు, కూలీల అడ్వాన్సులు. డాక్టర్‌ను కాదు, నర్సును కాదు. కానీ ఆ రాత్రి ఇంటికొచ్చి బీరువాలోంచి ఎర్ర అట్ట పుస్తకం తీశాను. 2022లో మా అత్త జబ్బు లెక్కలన్నీ రాసిన పుస్తకం అది. బస్సు చార్జీల పక్కన రక్తం శాతం, గది అద్దె పక్కన రేడియేషన్ ఎన్నోరోజు, అట్లా ఉంటుంది. అందులో ఉన్నదే ఇక్కడ కొంచెం విప్పి రాస్తున్నాను.

మా అత్త నాకు సొంత మేనత్త, నాన్నకు అక్క. అందుకే మా మధ్య 'మీరు' అనే మాట లేదు, పెద్దగా దాపరికాలూ లేవనుకునేదాన్ని. ప్రతి శ్రావణమాసం ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గరికి పోవాల్సిందే ఆమె. మామ పోయిన ఏడాది కూడా మానలేదు. అట్లాంటిది 2022 శ్రావణంలో పోనంది. మోకాళ్లు నొప్పులంట. మోకాళ్లు నొప్పులున్న మనిషి తెల్లారకముందే లేచి తన బట్టలు తానే ఉతుక్కుని, మిద్దెక్కి ఆరేసి వస్తోంది! అక్కడ నాకు అనుమానం వచ్చింది. రెండు రోజులకు బాత్రూంలో నీళ్ల డ్రమ్ము వెనక పాత చీర పేలికలు దొరికాయి. మరక ఎర్రగా కాదు, కొంచెం నల్లగా, నీచు వాసన.

అడిగితే మొదట "నీకెందుకు, గమ్మునుండు" అంది. ఇంకోసారి అడిగితే కూలబడి చెప్పింది. ముట్టు ఆగిపోయి ఎనిమిదేళ్లయింది, మళ్లీ వస్తోంది, ఆర్నెల్ల నుంచి. ముట్టుతో గుడికెట్లా పోతామని ఉరుకుంద మానుకుంది. పక్కింటి పెద్దామెతో అంటే "చెడు రక్తం పోతాంది, పోనీలే, మంచిదే" అందంట. అప్పటికి అత్తకు 57 ఏళ్లు.

ఒక సంగతి ఇక్కడే చెప్పేస్తాను, తర్వాత మర్చిపోతానేమో. ముట్లుడిగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనబడినా అది ముట్టు కాదు. ఒకసారి వచ్చి ఆగిపోయినా సరే, చూపించుకోవాల్సిందే. అన్నిసార్లూ క్యాన్సర్ కాదు, చాలాసార్లు వేరే చిన్న కారణమే ఉంటుంది. కానీ అది చిన్న కారణమా కాదా అనేది పక్కింటి పెద్దామె చెప్పగలిగేది కాదు.

మా ఆయన ఊళ్లోనే ఒక నర్సింగ్ హోంకు తీసుకుపోయినాడు. పేరు రాయను. స్కానింగ్ తీశారు, రక్తం తీసుకున్నారు. గర్భసంచి కొంచెం వాచింది, ఈ వయసులో దాంతో పనేముంది, తీసేస్తే పీడా పోతుంది, శుక్రవారం రండి అన్నారు. మొత్తం నలభై ఐదు వేలు, ముందుగా ఐదు వేలు కట్టించుకున్నారు. అత్తను మంచం మీద పండుకోబెట్టి చూసింది ఎవరూ లేరు.

నిజం చెప్పాలంటే ఆ రోజు మాకందరికీ ప్రాణం కుదుటపడింది. గర్భసంచి తీయించుకోవడం మా వైపు ఒక వింతా? మా చిన్నమ్మకు 28 ఏళ్లకే తీసేశారు, తెల్లబట్టకు. ఆమె ఆడబిడ్డకు 32కి. వేరుసెనగ పీకడానికి పోయే ఆడవాళ్లు, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వలసపోయే ఆడవాళ్లు, నెలకు మూణ్ణాలుగు రోజుల కూలీ పోతోందని కూడా తీయించుకుంటారు. పిల్లలు పుట్టేశారు కదా, ఇంకా ఆ సంచి ఎందుకు మోయాలి అని ఒక మాట అనుకోవడం, అప్పు చేయడం, అయిపోయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూస్తే, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3.3 మంది. మన ఆంధ్రప్రదేశ్‌లో 8.7. ఇంకే రాష్ట్రమూ మన దరిదాపుల్లో లేదనే అనుకోవచ్చు, ఒక్క తెలంగాణ తప్ప. అంకెలతో బతికేదాన్ని కాబట్టి ఈ రెండు అంకెలు పక్కపక్కన చూసిన రోజు నాకు అన్నం సయించలేదు. 28 ఏళ్లకు తీసేసిన మా చిన్నమ్మకు నలభై దాటకముందే ఎముకలు నొప్పులు, ఒళ్లంతా ఆవిర్లు. అండాశయాలు కూడా తీసేశారని ఆమెకు ఎవరూ చెప్పలేదు. పాత కాగితాలు నేను చదివి చెప్పేదాకా తెలియదు.

బుధవారం సాయంత్రం పక్క వీధిలో ఉండే రిటైరైన నర్సమ్మ దగ్గరికి పోయాను. ఆపరేషన్‌కు ఏమేం సర్దుకోవాలి, ఎన్నిరోజులు సెలవు పెట్టాలి అని అడగడానికే పోయాను. ఆమె బీపీ మిషన్ చుట్టబెడుతూ ఒక్కో ప్రశ్న వేసింది. ముట్టు ఆగి ఎన్నేళ్లు? వాసన ఉందా? చివరికి, లోపల చూసినారా, పరీక్షకు ముక్క తీసినారా? లేదంటే ఆమెకు కోపమొచ్చింది, నా మీద కాదు.

"గర్భసంచి అంటే బుర్రసొరకాయను తలకిందులుగా పట్టుకున్నట్టు ఉంటాది. పైన బుర్ర, కింద మెడ. ఆ మెడ చివర మూతి. స్కానింగ్‌లో బుర్ర బాగా కనపడతాది. మూతి కాడ ఏమున్నా తప్పిపోవచ్చు. దాన్ని కంటితోనే చూడాల. చూడకుండా ఎట్ల కోస్తారు? రేప్పొద్దున్నే కర్నూలుకు పొండి."

గురువారం తొలి బస్సుకు బయల్దేరాం, ఎమ్మిగనూరు మీదుగా. దారిపొడవునా అత్త కిటికీలోంచి చూస్తూనే ఉంది, ఒక్క మాట లేదు. మా ఆయన మాత్రం రెండుసార్లు "రేపు శుక్రవారం పోతే అయిపోయేది" అన్నాడు.

కర్నూల్లో ఆడ డాక్టరే. అయినా అత్త బల్ల ఎక్కనంది. ముగ్గురు పిల్లల్ని ఇంట్లోనే కన్న మనిషి, మంత్రసాని తప్ప ఇంకెవరూ చూసింది లేదు. డాక్టరమ్మ అందరినీ బయటికి పంపి, తలుపు గడియ వేసి, నన్ను అత్త చెయ్యి పట్టుకోమంది. రెండు నిమిషాల పని. స్పెక్యులం అని, లోపల తెరిచి చూసే పరికరం పెట్టి లైటు వేసి చూసింది. గాజుగుడ్డ తాకించగానే రక్తం వచ్చింది. తర్వాత కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. మూతి దగ్గర క్యాలీఫ్లవర్ పువ్వు లాగా పెరిగి ఉందంట. పెసరగింజంత ముక్క తీసి సీసాలో వేసింది. మత్తు కూడా ఇవ్వలేదు, అత్త ఒక్కసారి "అబ్బా" అంది, అంతే. తర్వాత వెనక దారి నుంచి కూడా వేలితో పరీక్ష చేసింది, జబ్బు పక్కలకు పాకిందా లేదా చూడటానికి. దాని గురించి అత్త ఇప్పటికీ మాట్లాడదు.

బయట మా ఆయన డాక్టరమ్మను అడిగాడు. "ముక్క తీస్తే పాకుతాదంట కదా మేడం?" ఇది ఆమె ఎన్నిసార్లు విని ఉంటుందో! "పాకదు నాయనా. ముక్క రిపోర్టు లేకుండా ఏ పెద్దాసుపత్రిలోనూ వైద్యం మొదలుపెట్టరు" అంది.

ఎనిమిది రోజులకు రిపోర్టు వచ్చింది. స్క్వామస్ సెల్ కార్సినోమా. గర్భసంచి మూతి క్యాన్సర్లలో ఎక్కువ భాగం ఈ రకమే. తర్వాత ఎమ్మారై, ఛాతీ ఎక్స్‌రే, కిడ్నీలకు రక్త పరీక్ష. మూతి నుంచి పక్కల మెత్తటి కండలోకి పాకింది, కానీ కటి ఎముక గోడ దాకా పోలేదు, కిడ్నీల నుంచి మూత్రం దిగే గొట్టాలకు అడ్డం పడలేదు. దీన్ని స్టేజి 2బి అంటారని చెప్పారు. పుస్తకంలో ఆ తేదీ కింద '2బి' అని రాసి రెండు గీతలు గీసి ఉన్నాయి. ఎందుకు గీశానో గుర్తు లేదు.

"అయితే ఆపరేషన్ ఎప్పుడు సార్?" అన్నాడు మా ఆయన క్యాన్సర్ డాక్టర్‌తో.

"ఆపరేషన్ లేదు."

ఈ మాట దగ్గర మా ఇల్లంతా కూలబడింది. మన వైపు ఆపరేషన్ చేయం అంటే చేతులెత్తేశారనే అర్థం. అత్త అయితే "ఇంగ ఇంటికి పోదాం పదండి" అని కొంగు దులుపుకుని లేచింది. ఆ డాక్టర్ ఆమెను కూర్చోబెట్టి చెప్పిన మాటలు నాకు వాక్యం వాక్యం గుర్తున్నాయి. జబ్బు మూతి వరకే, చిన్నగా ఉంటే పెద్ద ఆపరేషన్ చేసి, పక్క కండతో సహా, గ్రంథులతో సహా తీసేస్తారు. అది కూడా మామూలుగా గర్భసంచి తీసేసే ఆపరేషన్ కాదు, దానికి వేరే శిక్షణ ఉన్న సర్జన్ కావాలి. జబ్బు పక్కలకు పాకాక కత్తి పెడితే గడ్డ మధ్యలోంచి కోసినట్టు అవుతుంది, సగం లోపలే మిగిలిపోతుంది. అప్పుడు ఎట్లాగూ రేడియేషన్ ఇవ్వాల్సిందే, కానీ ఫలితం అంత బాగుండదు.

"ఇంకోటి చెప్పాలమ్మా" అన్నాడు. "ఆ గర్భసంచి మాకు కావాలి. బయటి నుంచి కరెంటు, అదే రేడియేషన్, ఇచ్చినాక, లోపలి నుంచి కూడా ఇస్తాం. మందు గొట్టం పెట్టేది ఆ సంచిలోనే. ముందే తీసేసి ఉంటే ఎక్కడ పెట్టాలి?"

ఈ వయసులో దాంతో పనేముంది అన్నారు కదా నర్సింగ్ హోంలో. ఇదీ దాని పని. ఆ శుక్రవారానికీ మాకూ మధ్య ఉన్నది ఒక్క రోజు, ఒక నర్సమ్మ.

హైదరాబాదు పోదామా, బెంగళూరు కిద్వాయికి పోదామా అని బంధువులంతా ఫోన్లలో తర్జనభర్జన. కిద్వాయి పేరు అనంతపురం, కర్నూలు జిల్లాల్లో ప్రతి పల్లెలో తెలుసు, 1973 నుంచి ఉన్న క్యాన్సర్ ఆసుపత్రి. అయితే ఈ వైద్యం ఒకరోజులో అయ్యేది కాదు, ఏడెనిమిది వారాలు. నా ఉద్యోగం, పిల్లల బడి, భాష, అన్నీ చూసుకుని, ఆరోగ్యశ్రీ కార్డు మీద రేడియేషన్ ఇచ్చే ఆసుపత్రి కర్నూల్లోనే ఉంది కాబట్టి అక్కడికే అనుకున్నాం. వైద్యానికి మేము కట్టింది ఏమీ లేదు. కట్టింది గది అద్దెకు, బస్సులకు, తిండికి. నా పుస్తకం ప్రకారం 61,340 రూపాయలు. కార్డు ఉంటే రూపాయి ఖర్చు కాదు అని ఎవరైనా అంటే ఆ పేజీ చూపిస్తాను.

ఇక కరెంటు. మా వైపు రేడియేషన్‌ను కరెంటు పెట్టడం అంటారు. దీంతో వచ్చిన తంటా ఏమిటంటే, షాక్ కొడుతుందని అత్త మొదటి రోజు చెవి కమ్మలు, కాలి మెట్టెలు అన్నీ తీసి నా చేతిలో పెట్టింది. షాకు లేదు, నొప్పి లేదు, ఎక్స్‌రే తీసినట్టే. సోమవారం నుంచి శుక్రవారం దాకా, శని ఆదివారాలు సెలవు, మొత్తం 25 సార్లు. కడుపు మీద, తొడల పక్కన మార్కర్‌తో గీతలు గీశారు, చెరిగిపోకుండా చూసుకోమన్నారు. రోజూ తలస్నానం చేసి ఒళ్లు రుద్దుకునే మనిషికి అదో శిక్ష. ఇచ్చే ముందు అరగంట నీళ్లు తాగి మూత్రం ఆపుకోవాలి. మూత్రాశయం నిండితే పేగులు పైకి జరిగి కరెంటు దెబ్బ తప్పించుకుంటాయంట. వరుస ఆలస్యమైతే ఆపుకోలేక అత్త ఏడ్చిన రోజులున్నాయి.

వారానికి ఒకసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో. ఇది తక్కువ మోతాదు, కరెంటు ఇంకా బాగా పనిచేయడానికి ఇచ్చేది. 1999లో అమెరికాలో వచ్చిన పరీక్షల ఫలితాల తర్వాత ప్రపంచమంతా ఇట్లా రెండూ కలిపి ఇవ్వడం మొదలైందని అక్కడి పీజీ డాక్టర్ చెప్పాడు. కిడ్నీల మీద భారం పడుతుందని ముందూ వెనకా సెలైన్ ఎక్కిస్తారు, ప్రతి వారం క్రియాటినిన్ చూస్తారు. జుట్టు ఊడలేదు. అత్త అన్నిటికంటే ఎక్కువ భయపడింది దానికే.

రక్తం 8.2 ఉండింది. పది పైన ఉంచాలన్నారు, రక్తం తక్కువుంటే గడ్డకు ప్రాణవాయువు అందదు, ప్రాణవాయువు లేనిచోట కరెంటు సరిగా పనిచేయదు. రెండు బాటిళ్లు ఎక్కించారు. ఒకటి మా ఆయన, ఒకటి మిల్లులో తూకం చూసే అబ్బాయి ఇచ్చారు.

మూడో వారం నుంచి విరేచనాలు. ఆకుకూరలు, పప్పులు, పాలు తగ్గించమన్నారు. గోంగూర లేనిదే ముద్ద దిగని మనిషి పెరుగన్నం, సగ్గుబియ్యం గంజి తాగుతూ ఐదు కేజీలు తగ్గింది. నేను మాత్రం పొద్దున్నే బస్టాండు వైపు పోయి ఉగ్గాని బజ్జీ తిని, మూతి తుడుచుకుని గదికొచ్చేదాన్ని. ఒకరోజు కనిపెట్టేసింది. "మిరపకాయ బజ్జీ వాసన నాకు తెలీదా" అని నవ్వింది. ఆ నెలలో ఆమె నవ్వడం అదే మొదలు.

మిషను రెండు రోజులు ఆగిపోయింది. మాకంటే డాక్టర్లకే టెన్షన్ ఎక్కువ. మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా మొత్తం ఎనిమిది వారాలు, అంటే 56 రోజులు దాటకూడదని వాళ్ల లెక్క. దాటేకొద్దీ గడ్డ మళ్లీ పుంజుకుంటుంది. ఆ రెండు రోజులు శనివారాల్లో పూడ్చారు. దసరా వచ్చింది, ఊరికి పోయి వారం ఉండి వస్తామని పక్క గదివాళ్లు పోయారు. మేం పోలేదు. లెక్క రాసేదాన్ని కదా, 56 అని వినగానే ఎర్ర పుస్తకం వెనక అట్ట మీద 56 గళ్లు గీసి రోజుకొకటి కొట్టేసుకుంటూ పోయాను. మా వైద్యం 53వ గడిలో ముగిసింది.

లోపలి కరెంటును బ్రాకీథెరపీ అంటారు. వారానికొకటి చొప్పున మూడుసార్లు. వెన్నులో మత్తిచ్చి గర్భసంచిలోకి సన్నటి గొట్టం, పక్కన రెండు గొట్టాలు పెడతారు. స్కానింగ్ తీసి లెక్కవేసి, ఆ తర్వాత ఇరీడియం అనే రేడియోధార్మిక లోహం గింజ తీగ చివరన గొట్టాల్లోకి దానంతటదే పోయి, ఎక్కడ ఎన్ని సెకన్లు ఉండాలో అన్ని సెకన్లు ఉండి, వెనక్కి వచ్చేస్తుంది. గదిలో పేషెంటు తప్ప ఎవరూ ఉండరు. గొట్టాలతో కదలకుండా పడుకోవడమే కష్టం. బయటి కరెంటు అయిపోగానే రక్తం ఆగింది కదా, ఇంక ఇదెందుకని మానేసి వెళ్లిపోయేవాళ్లు ఉంటారంట. అసలు గడ్డ మీద గట్టి దెబ్బ పడేది ఇక్కడే అని సిస్టర్ ప్రతి ఒక్కరికీ చెప్పడం విన్నాను.

ఇప్పుడు రాయడానికి కొంచెం ఇబ్బందైన సంగతి. నాలుగో వారంలో అత్త డాక్టరమ్మను అడిగింది, "నాకిది యాడ నుంచి వచ్చింది?" అని. హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల, భార్యాభర్తల కలయికలో అంటుకుంటుంది, పెళ్లయిన వాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చి, ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది, పోకుండా కొందరిలో ఉండిపోయి పది ఇరవై ఏళ్ల తర్వాత క్యాన్సర్‌గా మారుతుంది, ఎవరి నుంచి ఎప్పుడు వచ్చిందో చెప్పలేం, తప్పు చేసినవాళ్లకే వచ్చే జబ్బు కాదు అని ఆమె ఓపిగ్గా చెప్పింది. ఈ వైరస్‌కీ ఈ క్యాన్సర్‌కీ సంబంధం కనిపెట్టిన జర్మనీ డాక్టర్ హెరాల్డ్ జుర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ వచ్చిందని తర్వాత ఫోన్లో చదివాను. అత్త ఏమీ అనలేదు. వారాంతంలో ఆదోని బస్సులో, ఎమ్మిగనూరు దాటాక, "మీ మామ బొంబాయిలో మూడేళ్లు పనిచేసినాడు" అంది. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. చనిపోయిన మనిషి. ఆ లెక్క నేను పుస్తకంలో రాయలేదు.

ఆ వైరస్‌కు టీకా ఉందని తెలిశాక మా అమ్మాయికి వేయించాం. 16, 18 అనే రెండు రకాల వైరస్‌లే ఈ క్యాన్సర్లలో నూటికి డెబ్బైకి కారణం, టీకా వాటిని అడ్డుకుంటుంది. 2023లో సీరం ఇన్‌స్టిట్యూట్ వాళ్ల సెర్వావాక్ వచ్చింది, విదేశీ టీకా కంటే ధర తక్కువ. అప్పుడు అమ్మాయికి 13 ఏళ్లు, ఆర్నెల్ల తేడాతో రెండు డోసులు. మా ఆడబిడ్డ తన కూతురికి వద్దంది. "పెళ్లి కాని పిల్లకు ఆ సూదేంది" అని. ఆ వైరస్ సోకకముందు వేస్తేనే కదా పని చేసేది అంటే ముఖం తిప్పుకుంది. నేను ఊరుకోలేదు, ఇంకా అడుగుతూనే ఉన్నాను.

నేనూ పరీక్ష చేయించుకున్నాను. ప్రభుత్వ ఆసుపత్రిలోనే, డబ్బుల్లేకుండా. వెనిగర్‌లో ఉండే ఆమ్లమే, నీళ్లలో కలిపి దూదితో మూతికి అద్ది ఒక నిమిషం ఆగుతారు. మచ్చ తెల్లబడితే అనుమానం, లేకపోతే మళ్లీ ఐదేళ్లకు. 30 దాటిన ఆడవాళ్లందరికీ చేయాలని ప్రభుత్వ కార్యక్రమమే ఉంది. తమిళనాడు దిండిగల్ జిల్లా పల్లెల్లో ఈ ఒక్క పరీక్ష ఒక్కసారి చేస్తేనే ఈ క్యాన్సర్ చావులు మూడో వంతు తగ్గాయని 2007లో అచ్చయింది. దూది, ఆమ్లం, లైటు, చూడటం తెలిసిన నర్సు. ఇంతే సరంజామా. కొంచెం చల్లగా, కొంచెం మంటగా ఉంది. సిగ్గు మాత్రం చాలా ఉంది, లేదని అబద్ధం చెప్పను.

అయితే ఈ పరీక్ష మూతికి మాత్రమే. గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ వేరు. అది ఎక్కువగా ముట్లుడిగినవాళ్లలో, లావుగా, షుగర్ ఉన్నవాళ్లలో వస్తుంది. దానికి స్కానింగే మొదటి దారి. ముట్టు ఆగినాక రక్తం కనబడి, పొర నాలుగు మిల్లీమీటర్లు మించి ఉంటే లోపల నుంచి ముక్క తీసి చూస్తారు. అండాశయం క్యాన్సర్ మరీ దొంగది. మా మిల్లు క్యాంటీన్‌లో వంట చేసే ఆమెకు నాలుగు నెలలు కడుపుబ్బరం, రెండు ముద్దలకే కడుపు నిండిపోవడం. గ్యాస్ మాత్రలు మింగింది. పొట్టలో నీరు చేరాక స్కానింగ్ తీస్తే తెలిసింది. సీఏ-125 అనే రక్త పరీక్షలో 35 లోపు ఉండాల్సింది వందల్లో ఉండింది. ఆమెకు మాత్రం ఆపరేషనే ముఖ్యం, కనబడిన గడ్డంతా తీసేసి కీమో ఇచ్చారు. మా అత్తకు కత్తి వద్దన్నారు, ఆమెకు కత్తే దిక్కన్నారు. ముందుగా పట్టుకునే పరీక్ష అండాశయం క్యాన్సర్‌కు లేదు. ఆమె పోయిన ఉగాదికి చనిపోయింది.

సోమవారం, అడ్వాన్సు అడిగిన ఆ పిల్లను ఏరియా ఆసుపత్రికి తీసుకుపోయాను, సగం రోజు సెలవు రాసుకుని. డాక్టరమ్మ చూసింది. పుండు కాదు. మూతి దగ్గర లోపలి ఎర్రటి పొర కొంచెం బయటికి కనబడటమే, ఈ వయసులో చాలామందికి ఉండేదే. దాంతో పాటు ఇన్‌ఫెక్షన్ ఉంది. వెనిగర్ పరీక్షలో మచ్చ ఏమీ తెల్లబడలేదు. భార్యాభర్తలిద్దరికీ మాత్రలు రాసింది. నడుము నొప్పికి కారణం రోజూ ఎనిమిది గంటలు వంగి పత్తి ఏరడమే అంది. దానికి మందు రాయలేదు, మా ఓనర్ రాయాలి దాన్ని. మొగుడు మాత్రలు మింగనంటున్నాడంట, "నాకేం రోగం" అని. నిన్న మా ఆయన్ను పంపించాను వాళ్లింటికి, మగవాళ్లు మగవాళ్లు మాట్లాడుకుంటారని. ఇంకా ఏమీ తేలలేదు.

అత్త బాగుంది. మొదటి రెండేళ్లు మూడు నెలలకోసారి కర్నూలు పోయాం, ఇప్పుడు ఆర్నెల్లకోసారి. అప్పుడప్పుడు మలంలో కొంచెం రక్తం పడుతుంది, కరెంటు ప్రభావమే అన్నారు, మందు వాడుతోంది. ఈసారి శ్రావణంలో ఉరుకుందకు పోయొచ్చింది. వీధి కొళాయి దగ్గర ఏ ఆడకూతురు నడుము నొప్పి అన్నా, నీళ్లు పట్టుకోవడం ఆపి "లోపల చూసినారా?" అని అందరికీ వినబడేట్టు అడుగుతోంది. మా అమ్మాయికి సిగ్గుగా ఉంటుందంట.

ఆ నర్సింగ్ హోంకు కట్టిన ఐదు వేలలో మా ఆయన మూడుసార్లు తిరిగితే మూడు వేలు వెనక్కి ఇచ్చారు. తక్కింది స్కానింగ్‌కు పట్టుకున్నాం అన్నారు. స్కానింగ్‌కు ముందే వేరేగా కట్టినాం, రసీదు నా దగ్గర ఉంది. ఎర్ర పుస్తకంలో 'రావలసినవి' కింద ఆ రెండు వేలు ఇంకా అట్లే ఉన్నాయి. కొట్టేయలేదు.